విమానం రద్దయింది: రీఫండా, వేరే విమానమా?

రద్దు మెసేజ్ వచ్చాక ఆప్ తెరిస్తే మామూలుగా రెండు బటన్లు ఉంటాయి: రీఫండ్, వేరే విమానం. కొందరు పక్కనే వోచర్ కూడా పెడతారు. చిరాకులో వేలు ముందు రీఫండ్ మీదికే పోతుంది. వెళ్లక తప్పని ప్రయాణమైతే అది తొందరపాటే. రీఫండ్ తీసుకున్న క్షణాన మిమ్మల్ని గమ్యం చేర్చే పూచీ ఎయిర్‌లైన్స్ నెత్తిమీంచి దిగిపోతుంది. ఎప్పుడో తక్కువకు కొన్న సీటు డబ్బు చేతికొస్తుంది, అదీ కొన్ని రోజులకు. ఇవాళో రేపో బయల్దేరే కొత్త టికెట్ మాత్రం అంతకు రెండు మూడింతలు పలకొచ్చు. వేరే విమానం అడిగితే ఆ తేడా భరించాల్సింది వాళ్లు.

చట్టాలు కూడా ఈ రెండింటినీ వేరువేరుగానే చూస్తాయి. యూరప్‌లో 2004 నాటి 261 నిబంధన ప్రకారం ప్రయాణికుడికి మూడు దారులు: 7 రోజుల్లో రీఫండ్, వీలైనంత త్వరగా మరో విమానం, లేదా తనకు కుదిరే ఇంకో తేదీన సీటు. మరో విమానం కోసం ఆగేవాళ్లకు భోజనం, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ ఇవ్వాలి. రీఫండ్ ఎంచుకుంటే ఆ భోజనం, హోటల్ అక్కడితో సరి. 250, 400, 600 యూరోల నష్టపరిహారం లెక్క వేరు. 14 రోజుల కంటే తక్కువ ముందు చెప్పి రద్దు చేసి, కారణం తుపానులాంటి చేయిదాటిన సంగతి కాకపోతే, రీఫండ్ తీసుకున్నవాళ్లు కూడా దాన్ని అడగొచ్చు. అమెరికాలో అలాంటి పరిహారం లేదు. అయితే 2024 నిబంధన ప్రకారం, ఇచ్చిన వేరే విమానం మీరు వద్దంటే డబ్బు అడక్కుండానే వెనక్కి రావాలి: క్రెడిట్ కార్డుకైతే 7 పనిదినాల్లో, మిగతా చెల్లింపులకు 20 రోజుల్లో.

వేరే విమానంలో ఉన్న చిక్కల్లా సీట్లే. రద్దయిన విమానంలో 150 మంది ఉన్నారనుకోండి. తర్వాతి విమానాల్లో తలా 20 సీట్లు ఖాళీ ఉంటే అందరూ సర్దుకోవడానికి ఎనిమిది విమానాలు కావాలి. అందుకే క్యూలో నిలబడి ఊరుకోకూడదు. నిలబడే ఆప్ చూడాలి, ఫోనూ చేయాలి. ఏది ముందు పలికితే అది. సిస్టమ్ తనంతట తాను ఎల్లుండి సీటు వేసేసినా అదే ఆఖరు కాదు, ఒప్పుకున్నట్టు వెంటనే నొక్కేయకండి. చాలాచోట్ల ఉచిత మార్పు ఒక్కసారే. ఒప్పుకున్నాక మళ్లీ మారిస్తే ఛార్జీ పడొచ్చు. అడిగేటప్పుడు “ఏదో ఒకటి చూడండి” అంటే పని జరగదు. ఫలానా నంబరు విమానం, ఫలానా టైము, సీట్లు కనబడుతున్నాయి, అందులో వేయండి అనాలి. దగ్గర్లోని మరో ఎయిర్‌పోర్టుకైనా సరేనని చెబితే దారులు పెరుగుతాయి. వేరే కంపెనీ విమానంలో కూడా వేయమని అడగొచ్చు. ఇతర కంపెనీలతో ఒప్పందం లేని చవక ఎయిర్‌లైన్స్ దగ్గర ఇది కష్టం.

అలా వేరే కంపెనీకి మార్చినప్పుడు ఒకటి చూసుకోండి. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్‌లో “కన్ఫర్మ్” అని పడినంత మాత్రాన టికెట్ ఉన్నట్టు కాదు. 13 అంకెల టికెట్ నంబరును కొత్త విమానానికి తిరగరాయాలి. హడావుడిలో బుకింగ్ చేసి ఆ పని మరిచిపోతే, కొత్త కంపెనీ చెకిన్ కౌంటర్లో “సీటుంది, టికెట్ లేదు” అంటారు. అక్కడ వాదించి లాభం లేదు, మళ్లీ మొదటి కంపెనీ దగ్గరికే పరుగెత్తాలి. కొత్త ఈ-టికెట్ మెయిల్‌కు వచ్చాకే కౌంటర్ వదలండి.

మరి రీఫండ్ ఎప్పుడు మేలు? వెళ్లాల్సిన పని ఆ రోజుతోనే అయిపోయేదైతే, రైల్లోనో బస్సులోనో వాళ్లిచ్చే విమానం కంటే ముందే చేరగలిగితే, లేదా వేరే కంపెనీలో సీటు దాదాపు అదే ధరకు దొరికితే రీఫండే నయం. అప్పుడు కూడా వరస ముఖ్యం: ముందు కొత్త టికెట్ కొని చేతిలో పెట్టుకుని, తర్వాత రీఫండ్ నొక్కండి. అదే కంపెనీలో అదే పేరుతో రెండో బుకింగ్ మాత్రం చేయొద్దు. డూప్లికేట్ అని సిస్టమ్ రెండింట్లో ఒకటి కొట్టేయొచ్చు.

రానూపోనూ ఒకే టికెట్ అయితే ఇంకాస్త జాగ్రత్త కావాలి. పోయే విమానం రద్దయిందని సొంతంగా వెళ్లిపోయి ఊరుకుంటే, పాత బుకింగ్‌లో నో-షో (ప్రయాణికుడు రాలేదన్న గుర్తు) పడి తిరుగు ప్రయాణం కూడా ఎగిరిపోవచ్చు. పోయే భాగానికి మాత్రమే రీఫండ్ ఇచ్చి తిరుగు భాగం ఉంచమని చెప్పి, దాన్ని రాతలో తీసుకోండి. ఆప్‌లోని రీఫండ్ బటన్ కొన్నిసార్లు మొత్తం టికెట్‌నే రద్దు చేస్తుంది. ఇలాంటిది మనిషితో మాట్లాడి చేయించుకోవడమే మంచిది.

రద్దవుతుందేమోనని ముందే మీరు రద్దు చేసుకోవడం అన్నిటికంటే చెడ్డ బేరం. వాళ్లు రద్దు చేస్తే పూర్తి డబ్బు, మీరు చేస్తే క్యాన్సిలేషన్ ఛార్జీ పోను మిగిలింది.

వోచర్‌కు గడువుంటుంది, ఆ కంపెనీలోనే వాడాలి, వాళ్లు మూతపడితే కాగితమే. నగదు కంటే గట్టిగా ఎక్కువ విలువ ఇచ్చి, మీరు తప్పక వాడే కంపెనీ అయితే తప్ప వద్దు.

ట్రావెల్ వెబ్‌సైట్ ద్వారా కొన్నవాళ్లకు రీఫండ్‌లో ఇంకో మెలిక ఉంది. డబ్బు తరచుగా ముందు ఏజెంటుకు వెళ్లి, అక్కడినుంచి మీకు వస్తుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే, రీఫండ్ పంపిన తేదీ, రిఫరెన్స్ నంబరు ఎయిర్‌లైన్స్ నుంచి తీసుకుని ఏజెంటుకు చూపండి. సీటు, అదనపు లగేజీ కోసం విడిగా కట్టింది లెక్కలో కలిసిందో లేదో చూసుకోండి, తరచుగా మిగిలిపోయేది అదే.

ఇక లగేజీ అప్పటికే ఇచ్చేసి ఉంటే, రీఫండ్ ఎంచుకున్నవాళ్లు దాన్ని వెనక్కి తెప్పించుకున్నాకే ఎయిర్‌పోర్టు దాటాలి. అంతర్జాతీయ ప్రయాణమై ఇమిగ్రేషన్ కూడా అయిపోయి ఉంటే ఆ ముద్రను రద్దు చేయించుకోవాల్సి రావచ్చు, సిబ్బంది వెంట ఉండి తీసుకెళ్లాలి. రద్దుకు కారణం రాసిన ఉత్తరం కూడా అప్పుడే అడగండి, బీమా వాళ్లు సాధారణంగా మొదట అడిగేది అదే.