తీసుకెళ్లే బ్యాటరీయా, బండిలోనే ఉండే బ్యాటరీయా?

ఈ నెలలో నలుగురు అడిగారు, ఎలక్ట్రిక్ స్కూటర్ ఏది తీసుకోమంటావని. ఆఫీసులో ఇద్దరు, మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు, విశాఖలో మా బావ. నలుగురూ రేంజ్ గురించి, అంటే ఒక్క చార్జింగ్‌కి ఎంత దూరం వస్తుందని, కంపెనీ గురించి అడిగారు. నలుగురినీ నేను అడిగింది ఒక్కటే: రాత్రి బండి ఎక్కడ పెడతారు, అక్కడ మీ మీటర్‌కి కలిసిన ప్లగ్ ఉందా?

రేంజ్ గురించి ఇప్పుడు అంత టెన్షన్ అక్కర్లేదు. ఉప్పల్ నుంచి మాదాపూర్‌కి రానూ పోనూ నాకు రోజుకి 50 కిలోమీటర్ల పైమాటే. బ్యాటరీ 3 కిలోవాట్ అవర్ దాటిన ఏ బండైనా ఆ దూరం తేలిగ్గా లాగుతుంది. హైదరాబాద్‌లో బండిని ఇష్టంగా నడుపుతామా, ఆర్నెల్లకే విసుగెత్తి అమ్మేస్తామా అన్నది రోడ్డు మీద కాదు, సెల్లార్‌లో తేలుతుంది.

నేను రెండు రకాలూ వాడాను. ముందు రెండేళ్లు బ్యాటరీ బయటికి తీసే బండి. ఈ వేసవికి ముందు బ్యాటరీ బండిలోనే ఉండేది కొన్నాను.

మొదటిది కొన్నప్పుడు అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్లం, లిఫ్ట్ లేదు. కింద ప్లగ్ పెట్టుకోవడానికి ఓనర్ ఒప్పుకోలేదు. అలాంటప్పుడు హీరో వాళ్ల విడా లాంటి బండే దిక్కు, ఆ మాట ఇప్పటికీ అంటాను. సీటెత్తి, హ్యాండిల్ పట్టుకుని బ్యాటరీ తీసి, పైకి మోసుకెళ్లి హాల్లో చార్జింగ్ పెట్టేయొచ్చు. ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. ఇల్లు మారినా ఇబ్బంది లేదు.

కానీ ఒక్కో బ్యాటరీ పది కిలోలు దాటుతుంది. రెండు బ్యాటరీల బండైతే రెండూ కలిపి పాతిక కిలోల బియ్యం బస్తా కంటే కాస్త తక్కువ. షోరూమ్‌లో ఒకసారి ఎత్తి చూస్తే ఏమీ అనిపించదు. గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుని వచ్చి, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో బ్యాటరీతో అరవై మెట్లు ఎక్కితే తెలుస్తుంది. మా ఆవిడ పనిచేసే స్కూల్ నాచారంలో. వారంలో రెండు రోజులు బండి తనే తీసుకెళ్లేది. ఆ రెండు రోజులూ నేను వచ్చేదాకా బ్యాటరీ బండిలోనే ఉండేది. ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా బండి వాడతారనుకుంటే, ఆ బరువు వాళ్ల చేత ఎత్తించి చూశాకే కొనండి.

రెండో సంగతి ఇంతకంటే పెద్దది. ఆ హాల్లో ఉన్నవన్నీ 5 ఆంప్ ప్లగ్గులు. చార్జర్‌ది 15 ఆంప్ పిన్ను. ఎల్బీనగర్‌లో ఒక షాపులో కన్వర్టర్ కొనుక్కొచ్చి పెట్టాను. నాలుగు నెలలు బాగానే ఉంది. ఒక రాత్రి పన్నెండు దాటాక ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే మెలకువ వచ్చింది. మెయిన్ ఆఫ్ చేసి టార్చ్ వేసి చూస్తే, కన్వర్టర్‌లో ఒక రంధ్రం చుట్టూ గోధుమ రంగు మచ్చ, ప్లాస్టిక్ మెత్తబడి పిన్నుకి అంటుకుపోయింది. పక్క గదిలో పిల్లలు పడుకుని ఉన్నారు. ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు.

తప్పు బ్యాటరీది కాదు, చార్జర్‌దీ కాదు, లూజ్ కాంటాక్ట్‌ది. మా చార్జర్ లాగేది ఎక్కువేమీ కాదు, మూడు నాలుగు ఆంపులు. కానీ మిక్సీ ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది, చార్జర్ ఐదు గంటలు ఆపకుండా లాగుతుంది. పిన్ను కాస్త వదులుగా ఉన్నా ఆ ఐదు గంటలూ అక్కడే వేడెక్కుతూ ఉంటుంది. బ్యాటరీ తీసుకెళ్లే బండి కొనేవాళ్లకి నా మాట ఇదే: ఇంట్లో ఒక మంచి 15 ఆంప్ పాయింట్ వేయించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, కన్వర్టర్లు వద్దు. పడకగదిలో, బయటికి వెళ్లే తలుపు పక్కన చార్జింగ్ పెట్టొద్దు. ఏదైనా జరిగితే మనం బయటపడాల్సింది ఆ తలుపులోంచే.

ఇక ఇప్పుడుంటున్న అపార్ట్‌మెంట్ సెల్లార్ సంగతి. ఫిక్స్‌డ్ బ్యాటరీ బండి కొంటే లైన్ కోసం అసోసియేషన్ దగ్గరికి వెళ్లాల్సిందే. వెళ్లగానే వచ్చే మొదటి మాట సికింద్రాబాద్. 2022 సెప్టెంబర్‌లో అక్కడ కింద ఉన్న ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి, ఎనిమిది మంది చనిపోయారు. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. అది నిజమైన భయం. నేను మీటింగ్‌లో రెండు మాటలు చెప్పాను. ఒకటి, ఆ ఏడాది డిసెంబర్ నుంచి, మళ్లీ 2023 మార్చి నుంచి ఏఐఎస్ 156 అనే భద్రతా ప్రమాణం కింద బ్యాటరీ పరీక్షలు కఠినం చేశారు, పాత బండ్లనీ కొత్త బండ్లనీ ఒకే గాటన కట్టకూడదు. రెండు, నేను లైన్ వేయించుకోకపోతే రేపు ఇంకొకరు వాచ్‌మన్ గదిలోంచి వైరు లాగి దొంగచాటుగా చార్జింగ్ పెడతారు, అసలు ప్రమాదం అక్కడుంది. రెండో మాటకి ఒప్పుకున్నారు.

మీటర్ బోర్డు లిఫ్ట్ పక్కన, నా స్లాట్ మూడు పిల్లర్ల అవతల. నా మీటర్ నుంచి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు పీవీసీ పైపులో వేయించి, విడిగా ఒక ఎంసీబీ, షాక్ కొట్టకుండా 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ, తాళం పడే డబ్బాలో 15 ఆంప్ సాకెట్ పెట్టించాను. సాకెట్‌ని ఛాతీ ఎత్తులో బిగించమన్నాను, మా సెల్లార్‌లోకి పెద్ద వానకి మోకాలిదాకా నీళ్లు వస్తాయి మరి. అంతా కలిపి తొమ్మిది వేలయింది.

అంతా అయ్యాక చార్జర్ పెడితే ఎర్ర లైటు. ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంప్ తెచ్చి ఫేజ్‌కి, న్యూట్రల్‌కి పెడితే వెలిగింది. ఫేజ్‌కి, ఎర్త్‌కి పెడితే వెలగలేదు. బోర్డు మూత తీసి చూస్తే ఎర్త్‌కి వెళ్లాల్సిన పచ్చ వైరు ఎక్కడా బిగించకుండా గాలిలో వేలాడుతోంది. ఇరవై ఫ్లాట్ల గీజర్లు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఇన్నేళ్లూ ఎర్త్ లేకుండానే నడిచాయి! ఎర్త్ పిట్ బాగు చేయించడానికి అసోసియేషనే డబ్బులిచ్చింది. బండి కొనకపోతే ఆ సంగతి మాకు తెలిసేదే కాదు.

ఇప్పుడు రాత్రి బండి పెట్టి, భోజనం చేసి, వాకింగ్‌కి దిగినప్పుడు ప్లగ్ పెడతాను. ఎండలో నడిపి వచ్చిన బ్యాటరీకి ఆ గంట విరామం మంచిది. మే నెలలో 42 డిగ్రీలు కొట్టే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. పై అంతస్తులో స్లాబ్ అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. బిల్డింగ్‌లో కాస్త చల్లగా ఉండేది సెల్లారే. బ్యాటరీ చార్జ్ అవ్వాల్సింది కూడా అక్కడే.

అందుకే నా ఓటు ఫిక్స్‌డ్‌కే. సెల్లార్‌లో లైన్ వేయించుకునే వీలుంటే రెండో ఆలోచన వద్దు. ఏథర్ రిజ్తా, టీవీఎస్ ఐక్యూబ్, బజాజ్ చేతక్ మూడూ నడిపి చూశాను. రిజ్తా సీటు విశాలం, చేతక్ ఇనుప బాడీ, ఐక్యూబ్ ఇంట్లో అందరికీ తేలిగ్గా అలవాటయ్యే బండి. ఏది కొన్నా నష్టం లేదు. సర్వీస్ సెంటర్ ఇంటికి దగ్గర ఉన్నది చూసుకోండి, నేనూ అలాగే తీసుకున్నాను. ఒక్క చోట మాత్రం తీసుకెళ్లే బ్యాటరీదే పైచేయి. మురుగు కాలువల పక్క కాలనీల్లో, 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన వీధుల్లో ఉండేవాళ్లకి, వాన ముదిరేలోపు బ్యాటరీని పైకి తెచ్చేసుకునే వీలుంటే ఎంతో మేలు. ఫిక్స్‌డ్ బండి మునిగితే మాత్రం చార్జింగ్ పెట్టకుండా నేరుగా సర్వీస్‌కి పంపండి.

ఖర్చు సంగతి చాలామంది లెక్క వేసేసుకున్నారు కాబట్టి క్లుప్తంగా. నెలకి 1,300 కిలోమీటర్లకి నాకు 50 యూనిట్ల లోపే అవుతుంది. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 500. పెట్రోల్ బండైతే మూడు వేలు దాటేది. కానీ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే ఇళ్లవాళ్లు ఒకటి గమనించాలి. ఇప్పటికే నెలకి 160, 170 యూనిట్లు కాలుస్తుంటే, బండి వల్ల 200 దాటి మొత్తం బిల్లు మీద పడుతుంది. మీ పాత బిల్లులు ఆరు తీసి చూసుకోండి. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ఇచ్చారు, అది కూడా లెక్కలో వేసుకోండి.

స్వాపింగ్ స్టేషన్‌లో ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండుది తెచ్చుకునే హోండా యాక్టివా-ఈ లాంటి బండ్లు ఇంట్లో చార్జ్ అవ్వవు. మీ దారిలో స్టేషన్ ఉంటే తప్ప వాటి ఊసు వద్దు. పెట్రోల్ బండి నెలకి రెండు సార్లు ఊరెళ్లేవాళ్లకి, రోజుకి పది కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లకి ఇంకా సరైనదే.

మా బావది వేరే లెక్క. ఇల్లు పెద వాల్తేరులో, సముద్రం దగ్గర. అక్కడ ఉప్పుగాలికి గేటు తాళాలే తుప్పు పడతాయి. రోజూ ఊడదీసి పెట్టే బ్యాటరీ కనెక్టర్ కంటే, రబ్బరు మూత ఉన్న ఒక్క చార్జింగ్ పోర్టుని శుభ్రంగా ఉంచుకోవడం తేలిక. సొంతిల్లు, పోర్టికో ఉంది కాబట్టి అసోసియేషన్ గొడవ లేదు. ఫిక్స్‌డే తీసుకోమన్నాను. పాత పెట్రోల్ బండి మాత్రం అమ్మొద్దన్నాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు వాళ్ల వీధిలో రోజుల తరబడి కరెంట్ లేదు, అక్క ఆ సంగతి ఇప్పటికీ చెబుతుంది.

"ప్లగ్ ఉందిలే, మోటార్ కోసం పెట్టించిందే" అన్నాడు మా బావ ఫోన్‌లో. దానికి ఎర్త్ ఉందో లేదో ఆయనకి తెలియదు. వచ్చే శనివారం విశాఖ వెళ్తున్నాం. బ్యాగులో టెస్ట్ ల్యాంప్ పెట్టుకున్నాను.