నియోప్రీన్ బెల్టా, ఈపీడీఎం బెల్టా?

కారు విడిభాగాల దుకాణాలుండే బెంగళూరు జేసీ రోడ్డులో డ్రైవ్ బెల్ట్ (ఇంజిన్ శక్తితో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ లాంటివాటిని తిప్పే రబ్బరు పట్టీ) కొనేటప్పుడు ముందు పాత బెల్ట్ వీపు మీది నంబరు ఫోటో తీసుకెళ్లండి. 6పీకే1200 అంటే ఆరు రిబ్స్ (బెల్ట్ లోపలి వైపు పొడవునా ఉండే గట్లు), 1200 మిల్లీమీటర్ల పొడవు. సైజు కుదిరాక అసలు ప్రశ్న రబ్బరు రకానిదే: నియోప్రీనా, ఈపీడీఎమ్మా.

నియోప్రీన్ చవక. ముసలిదైతే పగుళ్లు పైకే కనిపిస్తాయి, టార్చి వేసి చూస్తే చాలు. ఈపీడీఎం వేడికి బాగా ఓర్చుకుంటుంది, చాలా ఎక్కువ కాలం వస్తుంది, కానీ అంత తేలిగ్గా పగలదు, టైరులా కొద్దికొద్దిగా అరుగుతుంది. రిబ్స్ మధ్య గాడి వెడల్పై, బెల్ట్ పుల్లీలోకి (అది తిరిగే గాళ్ల చక్రంలోకి) దిగిపోయి జారడం మొదలవుతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. నాకు అలాగే అయింది: పగుళ్లు లేవు కదా అని వదిలేస్తే, వానలో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కీచుమని అరిచి బ్యాటరీ లైటు వెలిగింది, నా కారులో వాటర్ పంపు కూడా ఆ బెల్ట్ మీదే తిరుగుతుంది కాబట్టి టెంపరేచర్ ముల్లు కూడా లేచింది. చాలా భయపడ్డాను.

అయినా నా ఓటు ఈపీడీఎంకే. అరుగుదల కొలిచే చిన్న ప్లాస్టిక్ గేజ్ ఉంటుంది, సర్వీసుకెళ్లినప్పుడల్లా పెట్టి చూడమనండి.

ఏది వేయించినా బెల్ట్ తీసినప్పుడు టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా ఉంచేది), ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపేది) పుల్లీలను చేత్తో తిప్పి చూడమనండి, గరగరమంటే అవీ మార్చాల్సిందే. ఆయిలో కూలెంటో కారుతుంటే ముందు అది ఆపించండి, లేకపోతే కొత్త బెల్ట్ కూడా పాడవుతుంది. అరుపు ఆగడానికి స్ప్రేలు మాత్రం కొట్టనివ్వకండి.