ఆరు చలికాలాలు, మూడు కాలర్లు: బాబ్‌క్యాట్ వేటలో జీపీఎస్

వేటకుక్క మెడకి కట్టే జీపీఎస్ కాలర్ సెట్టు ఇది, కుక్క ఎంత దూరంలో ఉన్నా చూపిస్తుందని డబ్బా మీద తొమ్మిది మైళ్లు అని రాసుంది. మా కొండల్లో నాకు దక్కింది, గట్టు మీద నిలబడితే నాలుగు. కుక్క లోయలోకి దిగిందంటే ముప్పావు మైలు కూడా కష్టమే. ఆ తొమ్మిదిని చూసి కొందామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. అయినా ఈ సెట్టు ఆరు చలికాలాలుగా వాడుతున్నాను. రేపు ఏ లోయలోనో పడిపోతే, తిట్టుకుంటూనే మళ్లీ ఇలాంటిదే కొంటాను.

మాది ప్రకాశం జిల్లా. ఉద్యోగం అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో. పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఒకప్పుడు అడవుల్లో చెట్లు కొట్టే పని చేసేవారు, ఇప్పుడు రిటైరయ్యారు. ఆయన దొడ్లో ఎప్పుడూ నాలుగైదు వేటకుక్కలుండేవి. రాత్రిపూట వాటి అరుపులకి నిద్రపట్టక మాట్లాడదామని వెళ్లినవాణ్ణి, ఆ చలికాలమంతా ఆయన పికప్‌లో పక్కసీట్లో కూర్చుని తిరిగాను. మరుసటి ఏడాదికి నాకే రెండు కుక్కలు. రాణి బ్లూటిక్ జాతి, ఒళ్లంతా నీలపు చుక్కలు. రెండోది ట్రీయింగ్ వాకర్. గొంతు గుడిగంటలా ఉంటుందని గంటయ్య అని పెట్టాను. పెద్దాయనకి నోరు తిరగక ‘గాంటా’ అంటారు. అదీ పలుకుతుంది.

బాబ్‌క్యాట్ అంటే మన జంగపిల్లికి దూరపు చుట్టం అనుకోండి. కాస్త పెద్దది, పొట్టి తోక, ఒంటి మీద మచ్చలు, చెవుల కొసన చిన్న కుచ్చులు. ఐడహోలో దీని సీజన్ డిసెంబర్ 14 నుంచి ఫిబ్రవరి 16 దాకా. వేట లైసెన్సు ఉండాలి, కుక్కలతో వేటాడాలంటే దానికి వేరే పర్మిట్. చంపితే తోలు తీసుకెళ్లి వన్యప్రాణి శాఖవాళ్ల దగ్గర ట్యాగు వేయించుకోవాలి. పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లో 1996లో ఓటింగ్ పెట్టి కుక్కలతో బాబ్‌క్యాట్ వేటని నిషేధించారు. కాలిఫోర్నియా ముందు కుక్కల్ని ఆపింది, 2020 నుంచి వేటనే దాదాపు ఆపేసింది. మన దేశంలోనైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకి క్రమంగా తలుపులు మూసుకుపోయాయి. మా తాత వాళ్ల ఊళ్లో ‘ఉస్కో’ అంటే కుందేలు వెనక పడే కుక్కల కథలు విని పెరిగానే గానీ, చూసింది మాత్రం ఇక్కడికొచ్చాకే.

మా అమ్మకి ఇది ససేమిరా నచ్చదు. “పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలిరా, నీకంత జీతం వస్తోందా?” అంటుంది ఫోన్లో. ఈ వేటంటే కుక్కలు పిల్లిని తరిమి చెట్టెక్కించడమే. ఆరేళ్లలో అలా చెట్టెక్కించినవి ఇరవై పైచిలుకు, కాల్చినవి రెండు. మిగతావాటిని కాసేపు చూసి, ఫొటో తీసుకుని, కుక్కలకి గొలుసులేసి లాక్కొచ్చేశాం. ఆ రెంటి లెక్కే అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఇక సెట్టు సంగతి. చేతిలో పట్టుకునే యూనిట్ ఒకటి, కుక్కకొక కాలర్. కాలర్ ఉపగ్రహాల నుంచి తానెక్కడుందో తెలుసుకుని, ఆ సంగతిని వీహెచ్‌ఎఫ్ రేడియోలో మన చేతి యూనిట్‌కి పంపిస్తుంది. సెల్ టవర్‌తో పని లేదు. మేము ఎక్కువగా తిరిగే ఒవైహీ కొండల్లో టవర్లు ఎలాగూ ఉండవు. (ఒవైహీ అంటే హవాయి అనే పేరుకే పాత స్పెల్లింగ్. రెండొందల ఏళ్ల కిందట బొచ్చు వ్యాపారం కోసం ఇటొచ్చిన ముగ్గురు హవాయి మనుషులు ఈ ఏటి దరుల్లోకి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదట. కుక్క తప్పిపోయిన రోజున ఆ కథ ఎందుకో గుర్తొస్తుంది.) వేగంగా పెట్టుకుంటే రెండున్నర సెకన్లకోసారి కుక్క ఎక్కడుందో చూపిస్తుంది. రేడియో తరంగం దాదాపు చూపు లాంటిదే, మధ్యలో కొండ అడ్డొస్తే అంతే సంగతులు. తొమ్మిది మైళ్ల గుట్టు అక్కడే ఉంది. సముద్రం ఒడ్డునో బల్లపరుపు నేలమీదో వస్తుందేమో. నిలువు రాతి గోడల మధ్య దూరిన కుక్కకి రాదు.

వేట ఎలా జరుగుతుందో తెలియకపోతే దీని విలువ అర్థం కాదు. రాత్రి కొత్త మంచు పడిందంటే తెల్లారకముందే బయల్దేరతాం. బండి నత్తనడకన పోతుంటే ఇద్దరం చెరో వైపు రోడ్డంచు చూస్తూ కూర్చుంటాం. రెండంగుళాల గుండ్రటి అడుగు, గోళ్ల గుర్తులు లేకపోతే పిల్లి. గోళ్లు పడి, కాస్త కోలగా ఉంటే కయోటీ నక్క. జాడ రాత్రిదా, ఇప్పటిదా అని అంచులు తడిమి చూసి, అప్పుడు రాణిని వదులుతాం. చల్లారిన వాసన పట్టడంలో దాన్ని మించింది మా దగ్గర లేదు. గంటయ్యకి ఓపిక తక్కువ, వేడి జాడ మీదైతే వాడే ముందు.

కుక్కలు వెళ్లిపోయాక మిగిలేది మనమూ చలీ. పాతరోజుల్లో చెవే ఆధారం. ఆ తర్వాత బీప్ బీప్ మనే రేడియో కాలర్లొచ్చాయి. యాంటెన్నా పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎటువైపు శబ్దం ఎక్కువుంటే అటు నడవడం. పెద్దాయన ఇప్పటికీ ఆ యాంటెన్నాని బండి సీటు వెనకే ఉంచుతారు. మ్యాపు మీద కుక్క కదలడం చూసినరోజు నేను చిన్నపిల్లాడిలా గంతులేశాను. ఆయన ఒకే మాటన్నారు: “టీవీ చూస్తుంటే చెవులు పనిచెయ్యవు.”

ఆ మాటలో నిజం ఎంతో తెలియడానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

మ్యాపు చూపించే వాటిల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కుక్క వెళ్లిన దారి గీత. జింక వెనక పడితే ఆ గీత తిన్నగా, ఎక్కడా ఆగకుండా రెండు మూడు మైళ్లు పోతుంది. కయోటీ వెనకైనా దాదాపు అంతే. బాబ్‌క్యాట్ అలా పోదు. వంద గజాలు పోయి వెనక్కి, పడిపోయిన మాను మీదుగా పక్కకి, మళ్లీ తన జాడలోకే తను. చిన్న గుబురు చుట్టూ గంటసేపు తిప్పుతుంది. స్క్రీన్ మీద గీతలు మీద మీద పడి అచ్చం మెలికల ముగ్గులా అవుతాయి. సీజన్ కూడా ధనుర్మాసంలోనే కదా, మా ఆవిడ ఇంటిముందు మంచు ఊడ్చి ముగ్గేసే రోజుల్లో నేను స్క్రీన్ మీద ఈ ముగ్గు చూస్తూ కూర్చుంటాను. గీత తిన్నగా సాగిందంటే పిల్లి కాదు, జింకే. వెంటనే కాలర్‌కి టోన్ కొట్టి, అంటే చేతి యూనిట్ నుంచి కాలర్‌లో బీప్ మోగించి, వెనక్కి పిలుస్తాను. చెవితో అయితే, కుక్క జింకని తరుముతోందని తెలిసేసరికి కొండవతలుండేది. ఈ ఒక్క లాభానికే సగం డబ్బు వచ్చేసినట్టు.

ఇక ‘చెట్టు’ గుర్తు. కుక్క ఒకేచోట నిలబడి, తల పైకెత్తి మొరుగుతుంటే కాలర్‌లోని సెన్సార్ దాన్ని కనిపెట్టి, స్క్రీన్ మీద కుక్క బొమ్మ పక్కన చెట్టు చూపిస్తుంది. వినడానికి బావుంది. నా లెక్కలో పదింటిలో మూడుసార్లు అబద్ధం. పిల్లి రాతి నెర్రెలోకి దూరితే కుక్క రాతి మీదికి ముందుకాళ్లెత్తి నిలబడుతుంది. దానికీ చెట్టే చూపిస్తుంది. పిల్లి పక్కచెట్టు మీదికి దూకి దిగి ఎప్పుడో వెళ్లిపోయినా, గంటయ్య ఖాళీ చెట్టునే పట్టుకుని మొరుగుతుంటాడు. అదీ చెట్టే. నిజంగా చెట్టెక్కిందా లేదా చెప్పేది గొంతు ఒక్కటే. జాడ మీదున్నప్పుడు రాణిది సాగదీసిన గొంతు, పొద్దున్నే పొలిమేరలో ఎవరో పిలిచినట్టుంటుంది. పిల్లి కళ్లబడిందంటే అది తెగి, ఊపిరి తీసుకోకుండా టకటకా పొట్టి మొరుగుడైపోతుంది. నిమిషానికెన్నిసార్లు మొరిగిందో స్క్రీన్ చెబుతుంది, గొంతు మారిందని చెప్పదు. మొదటి రెండేళ్లు నేను చెట్టు గుర్తు కనపడగానే మోకాళ్ల లోతు మంచులో పరిగెత్తేవాణ్ణి. పెద్దాయన బండిలో కాఫీ తాగుతూ, “ఇంకా కాలేదు, కూర్చో” అనేవారు. ఎక్కువసార్లు ఆయన మాటే నెగ్గేది. ఇప్పుడు బండి ఇంజను ఆపి, యూనిట్ జేబులో పెట్టుకుని, ముందు రెండు నిమిషాలు వింటాను.

మూడో చలికాలంలో ఒకరోజు. సంక్రాంతి దాటి వారం అయ్యుంటుంది. గంటయ్య బొమ్మ ఒకచోట ఆగిపోయింది. చెట్టు గుర్తు లేదు, మొరుగుడు సున్నా. సిగ్నల్ బాగానే ఉంది. అలిసి కూర్చున్నాడులే అనుకున్నాను. పది నిమిషాలైంది, కదల్లేదు. పెద్దాయన స్క్రీన్ వైపు చూడటం ఆ రోజే మొదటిసారి. “పద” అన్నారు, అంతే. అరమైలు, ఆ మంచులో నలభై నిమిషాలు పట్టింది. ఇనప ట్రాపులో ముందుకాలు పడి, వాడు నిశ్శబ్దంగా పడుకుని ఉన్నాడు. నొప్పికి అరవడమైనా లేదు. ఇదే సీజన్లో బాబ్‌క్యాట్ తోలు కోసం ట్రాపులు పెట్టేవాళ్లూ ఉంటారు, అది వాళ్ల హక్కు, ఎవర్నీ అనడానికి లేదు. రెండు వైపులా ఉన్న మీటల్ని రెండు బూట్లతో ఒకేసారి తొక్కితే దవడలు తెరుచుకుంటాయి. పెద్దాయన తొక్కారు, నేను కాలు లాగాను. ఎముక విరగలేదు, వాచింది. కాలర్ లేకపోతే అరవని కుక్కని ఆ తుప్పల్లో ఎక్కడని వెతుకుతాం? ఆ రాత్రి చలి సున్నాకి కింద 18 డిగ్రీలు. మర్నాడు పెద్దాయన వచ్చి, “ఆ కాలర్ ఒకటి నాకూ తెప్పించు” అన్నారు. యాంటెన్నా మాత్రం సీటు వెనకనుంచి తియ్యలేదు.

కుక్క ఎక్కడుందో తెలియడం ఉత్తరపు అడవుల్లో ఇంకా ముఖ్యం. 1995, 96లలో కెనడా నుంచి తెచ్చి మధ్య ఐడహోలో 35 తోడేళ్లని వదిలారు, ఇప్పుడవి బాగా పెరిగాయి. మొరిగే కుక్క గొంతు తోడేలుకి తన పొలిమేరలో చొరబడ్డ పరాయివాడి గొంతులా వినిపిస్తుంది. అందుకే మేము దక్షిణాన ఒవైహీ వైపే ఎక్కువ తిరుగుతాం. అక్కడా కొండ అంచులున్నాయి, గడ్డకట్టీ కట్టని ఏళ్లున్నాయి, బండ్లు పోయే రోడ్లున్నాయి. రాణి ఒకసారి రోడ్డు వైపు పోతుంటే రెండు మైళ్ల నుంచి చూసి, అది చేరేలోపు బండేసుకుని ముందు నేను చేరాను.

ఫిర్యాదులు లేవా అంటే బోలెడు. కాలర్‌కి నిలబడే యాంటెన్నా వైరు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. తుప్పల్లో రెండు సీజన్లు తిరిగేసరికి అడుగున పుటుక్కుమంది. రెండోదాన్ని గంటయ్యే నమిలేశాడు, రాణి మెడలో ఉండగా. ఛార్జింగ్ క్లిప్పు తగిలేచోట మంచూ బురదా చేరితే రాత్రంతా పెట్టినా పొద్దున్న ఖాళీ. పాత టూత్‌బ్రష్‌తో రుద్దాకే ప్లగ్గులో పెట్టాలి. చలికి చేతి యూనిట్ బ్యాటరీ మధ్యాహ్నానికే డీలా పడుతుంది, చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటే సాయంత్రం దాకా వస్తుంది. టచ్ స్క్రీన్‌ని చేతి తొడుగులతో వాడటం కుదరదు, తొడుగు తీస్తే వేళ్లుండవు. ఇది డిజైన్ చేసినవాళ్లు మంచు చూశారా అని నాకు అనుమానం. లోయల్లో జీపీఎస్ గెంతుతుంది కూడా. ఒకసారి కుక్క ఏటికి అవతల ఉన్నట్టు చూపిస్తే నడుం లోతు నీళ్లలో దాటాను. అది ఇవతలి గట్టు మీదే, నా వెనకే ఉంది.

మొదటి కాలర్ మూడో ఏట ఛార్జింగ్ పట్టడం మానేసింది. కంపెనీకి రాస్తే వారంటీ అయిపోయిందన్నారు. బ్యాటరీ విడిగా తెప్పించుకుని, నాలుగు స్క్రూలు తీసి నేనే మార్చుకున్నాను. ఇంకా నడుస్తోంది.

షాక్ గురించి, అంటే బటన్ నొక్కితే కాలర్ కుక్క మెడకి కొట్టే కరెంటు గురించి, అందరూ అడుగుతారు. నా కాలర్లలో ఉంది. మొదటి ఏడాది జింకల వెనక పడుతున్నప్పుడు గంటయ్యకి రెండుసార్లు కొట్టాను, రెండోసారి వాడు నా దగ్గరికి రావడానికే భయపడ్డాడు. ఆ తర్వాత టోన్‌తోనే నేర్పాను: టోన్ వినగానే వస్తే మాంసం ముక్క. ఇంటి పెరట్లో నెలరోజులు. అంతా అయ్యాక చూస్తే, షాక్ లేని చవక కాలరే సరిపోయేది.

ఖర్చు: చేతి యూనిట్, ఒక కాలర్ కలిపి పన్నుతో 900 డాలర్ల దగ్గరైంది, ఆ పై ఒక్కో కాలర్‌కి 300 దాకా. “పిల్లిని చూడ్డానికి ఇంతా? యూట్యూబ్‌లో పైసా ఖర్చు లేదుగా” అంది మా ఆవిడ. సమాధానం లేదు. కొత్త మోడళ్లలో ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే సౌకర్యం ఉంది, దానికి నెలనెలా చందా. నేను మారలేదు. ఒంటరిగా వెళ్లేవాడినైతే ఆలోచించేవాణ్ణి.

పాతది కొనేవాళ్లు కాలర్ మెరుపు చూసి మోసపోకండి. యాంటెన్నా మొదలు దగ్గర వంచి చూడండి, ఛార్జింగ్ పిన్నుల్లో పచ్చని తుప్పు ఉందేమో చూడండి. నిండా ఛార్జ్ చేసి ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున్న ఎంత మిగిలిందో చూశాకే డబ్బివ్వండి. నేను మూడోది అలాగే కొన్నాను, అమ్మేవాళ్లింటి ఫ్రీజర్‌లోనే పెట్టించి.

రాణికి ఈ ఏడాది తుంటి పట్టేసింది, వేటకి తీసుకెళ్లట్లేదు. దాని కాలర్‌ని గంటయ్యకి స్పేర్‌గా ఉంచాను. తెల్లారుజామున మూడున్నరకి ఆన్ చేస్తే అది ఒక బీప్ ఇస్తుంది. అందుకని ఇప్పుడు ఇంట్లో ఆన్ చెయ్యను, బండి రోడ్డెక్కాక చేస్తాను.