కణుపుల్లో తెల్లటి దూది కనిపిస్తే ఆ మొక్క కొనకండి

రెండు నెలల క్రితం ఒక నర్సరీలో మందారం కొన్నాను. కొమ్మ నిండా మొగ్గలు. ఒక కణుపులో దూది పింజలాంటిది కనిపించి అడిగితే, అమ్మినాయన "బూజేనండీ, నీళ్లు కొడితే పోతుంది" అన్నాడు. నమ్మి తెచ్చి మిగతా కుండీల మధ్యలో పెట్టాను. నెల తిరిగేసరికి క్రోటన్, కోలియస్, మల్లె మూడింటికీ పట్టేసింది. చిగుళ్లు ముడుచుకున్నాయి, ఆకులు జిగురు, కాండం మీద చీమల బారు.

అది బూజు కాదు, పిండినల్లి అనే పురుగు. ఆ దూదిని పుల్లతో విప్పి భూతద్దంలో చూశాను. లోపల పసుపు గుడ్లు కుప్పగా ఉన్నాయి. పక్కనే మెత్తటి, రెక్కల్లేని ఆడపురుగు, ఒంటి చుట్టూ మైనపు పోగులు, నిదానంగా కదులుతోంది. ఇలాంటి ఒక్క సంచిలో వందల గుడ్లుంటాయి. గుడ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లల మీద మైనం దాదాపు ఉండదు, కంటికి ఆనవు. పక్క మొక్కకు నడిచిపోయేవి అవే. పెద్దవాటి మీద మైనం ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లు జారిపోతాయి. ఆయన చెప్పిన చిట్కా అందుకే పనిచేయలేదు.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. కొమ్మ కదిపితే తెల్లగా ఎగిరేది తెల్లదోమ. గట్టి చిప్పలా అతుక్కుపోయి కదలనిది పొలుసు పురుగు. పిండినల్లిని నలిపితే వేలికి పిండితో పాటు రంగు రసం అంటుతుంది. బూజుకు అలా రాదు.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. పిండినల్లుల మధ్య ఇంకాస్త పెద్దగా, పొడవాటి తెల్లపోగులతో చురుగ్గా పరిగెత్తేవి కనిపిస్తే చంపేశాను. అవి పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్లలట! తెలిశాక చాలా బాధేసింది.

ఇప్పటికే పట్టి ఉంటే ఆ కుండీని వెంటనే దూరం పెట్టండి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కో పురుగునూ తుడవండి, వారం వారం మళ్లీ చూడండి. కొత్త మొక్క ఎంత శుభ్రంగా కనిపించినా నెల రోజులు విడిగానే ఉంచండి.

కొనేటప్పుడు ఆకు అడుగు, కణుపులు చూస్తే సరిపోదు. వేళ్లను పట్టే పిండినల్లి కూడా ఉంది, అది పైకి కనిపించదు. కుండీలోంచి వేరుముద్ద తీసి చూపించమని అడగండి. చూపించనంటే ఆ మొక్క అక్కడే వదిలేయండి.