ఆంబూరులో రెండు పూటలు

బాబాయి గుండె పరీక్షల కోసం హైదరాబాద్ నుంచి వేలూరు వెళ్లాం. శుక్రవారం పరీక్షలయ్యాయి, రిపోర్టులు సోమవారం ఇస్తామన్నారు. శనివారం పొద్దున కోట, లోపలి జలకంఠేశ్వరాలయం చూసి వచ్చేసరికి బాబాయి అసలు మాట బయటపెట్టాడు: "బిర్యానీకి పేరుపడ్డ ఆంబూరు ఇక్కడికి దగ్గరేనటరా!"

ముందు బస సంగతి. సీఎంసీ ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లో లాడ్జీలన్నీ రోగుల కుటుంబాలతోనే నడుస్తున్నాయి. ఎక్కడ చూసినా బెంగాలీ బోర్డులు. గదిలోనే వంటగట్టు, అద్దెకు స్టవ్వు, గిన్నెలు. మా గది కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడే. కానీ పిన్ని చారు కాచుకోగలిగింది, బాబాయికి ఉప్పు తగ్గించి వండగలిగింది. ఆ ఒక్కదానికే ఆ గదికి మార్కులు వేస్తాను.

వేలూరు కొత్త బస్టాండులో కృష్ణగిరి వైపు వెళ్లే బస్సెక్కితే చాలు, ఆంబూరు ఓ యాభై కిలోమీటర్లు. చెన్నై–బెంగళూరు రహదారి మీదే ఊరు. తోలు శుద్ధి, బూట్ల తయారీ ఇక్కడి బతుకుతెరువు. కానీ బస్సు దిగగానే కనిపించేవి బిర్యానీ బోర్డులే.

మేం వెళ్లింది మూడున్నరకి. అదే తప్పు. డేగిశా అడుగుకొచ్చేసింది. అన్నం ముద్దముద్దగా, గోరువెచ్చగా వచ్చింది, పెరుగుపచ్చడి నీళ్లోడుతోంది. బాబాయి రెండు ముద్దలు తిని "ఇది పులావురా, బిర్యానీ కాదు" అని తేల్చేశాడు. పిన్నికి శనివారం నీసు పనికిరాదు. వడ్డించే అబ్బాయి తెలుగూ తమిళమూ కలిపి "కుస్కా తీసుకోండమ్మా, ముక్కలుండవు" అన్నాడు. ఆకులో పడ్డాక, ముద్ద కలుపుతూ వాసన చూసి ఆవిడ ఆగిపోయింది. కుస్కా అంటే అదే డేగిశాలోంచి ముక్కలు ఏరేసి పెట్టిన అన్నం. శాకాహారులూ, వారాలు పాటించేవాళ్లూ గుర్తుపెట్టుకోండి. ఆ అబ్బాయి అబద్ధమైతే ఆడలేదు, ముక్కలు నిజంగానే లేవు. పిన్ని ఆ పూట అరటిపండ్లతో సరిపెట్టుకుంది.

ఆదివారం పన్నెండింటికి మళ్లీ అదే హోటలుకి వెళ్దామంటే ఇద్దరూ నన్ను తిట్టారు. అయినా లాక్కెళ్లాను.

మూత మీది నిప్పులు అప్పుడే దించుతున్నారు. అరిటాకులో పడ్డ బిర్యానీ నిన్నటిది కానే కాదు. బియ్యం సీరగ సాంబ, అంటే జీలకర్రంత సన్నం. మన చిట్టిముత్యాలకి చుట్టం అనుకోవచ్చు. బాస్మతిలా పొడుగ్గా విడిపోదు, మసాలాని తనలోకి పీల్చుకుంటుంది. మనవైపు పచ్చిమాంసాన్ని నానబెట్టి మీద అన్నం పరిచి దమ్ చేస్తారు కదా, ఇక్కడ మాంసాన్ని ఎండుమిర్చి ముద్దతో ముందే ఉడికించి, సగం ఉడికిన బియ్యం కలిపి దమ్‌కి పెడతారు. అందుకే అన్నమంతా ఒకే రంగు, ఒకే రుచి. మనకి అలవాటైన తెల్లన్నం, ఎర్రన్నం పొరలుండవు. ఘాటు తక్కువే. నోరు మండాలనుకునేవాళ్లకి చప్పగా అనిపించొచ్చు.

అసలు పని చేసేది పక్కన వేసే వంకాయ. చింతపండు పులుపుతో, నూనె తేలుతూ, జారుగా ఉంటుంది. మన మిర్చీ సాలన్ స్థానంలో కూర్చుంది గానీ దానికన్నా నయం. ముద్దకో కొసరు నంజుకుంటే బిర్యానీ జిడ్డు తెలియదు. పిన్ని దాన్ని మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ మొహం మాడ్చకుండా వేశారు.

లోపాలూ చెప్పాలి. ఒక ప్లేటు ఒక్క మనిషికే, మన దగ్గర లాగా ఇద్దరం పంచుకుందామంటే కుదరదు. టేబుళ్లు జిడ్డు. తింటుండగానే వెనక ఒకరు నిలబడి మన ఆకు ఖాళీ ఎప్పుడవుతుందా అని చూస్తుంటారు. ఊళ్లో బీఫ్ బిర్యానీ అమ్మే కొట్లూ ఉన్నాయి, పట్టింపున్నవాళ్లు ఆర్డరిచ్చే ముందే అడగండి, దాచకుండా చెప్తారు.

"ఇప్పుడేమంటావు బాబాయ్?" అన్నాను. "పులావే" అన్నాడు, చెయ్యి కడుక్కోడానికి లేస్తూ. కౌంటరు దగ్గర ఒక పార్సిల్ కట్టించింది మాత్రం ఆయనే. అది చేయకండి. లాడ్జికి చేరేలోపు అన్నం గట్టిపడింది, వంకాయ కవరు చిట్లి బాబాయి ఫైలంతా నూనె. సోమవారం డాక్టరు ముందు దాన్ని తెరవడానికి ఆయన పడ్డ మొహమాటం అంతా ఇంతా కాదు.