పిల్లలు కనబడనప్పుడు వాలంటీర్ల చేతికి ఉన్నవి: 112, 1098, 139, ఖోయా-పాయా. ఏది ఎంతవరకు పనికొస్తుంది?

పదో తరగతి పిల్లో, ఇంటర్ పిల్లాడో రాత్రికి ఇల్లు చేరలేదంటే గంటలో వీధిలో పాతికమంది పోగవుతారు. తలో దిక్కుకీ బైకులు బయల్దేరతాయి, ఫోటో వాట్సాప్‌లో ఊరు దాటుతుంది. సాయం చేద్దామన్న మనసుకి లోటుండదు. లోటంతా ఏ సేవను ఎప్పుడు వాడాలో తెలియకపోవడంలోనే ఉంటుంది. అందుకే ఈ రివ్యూ. మార్కులు వేస్తున్నది ఏ ఆఫీసుకో కాదు, వెతికేవాళ్ళ చేతిలో పనిముట్లుగా ఇవి ఎంతవరకు పనికొస్తాయన్నదానికి.

ముందే ఒక మాట. మొదటి కాల్ తర్వాత వెతుకులాట ఎఫ్‌ఐఆర్ నంబర్ లేకుండా సరిగా కదలదు. మొదటి రెండు గంటల్లో వాలంటీర్లు చేయగల పెద్ద సాయం వీధులు తిరగడం కాదు, తల్లిదండ్రుల పక్కన నిలబడి ఆ నంబర్ చేతికొచ్చేలా చూడటం.

112తో మొదలుపెట్టండి. డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది, దగ్గర్లో ఉన్న పెట్రోలింగ్ బండి వస్తుంది. కాల్‌లో కథ చెప్పకండి: పేరు, వయసు, చివరిగా కనబడిన చోటు, టైము, వేసుకున్న బట్టలు, ఫోన్ దగ్గరుందా లేదా. ఇంతే. దీనితో వచ్చే చిక్కు ఒకటుంది. బండి వచ్చి వివరాలు రాసుకుని వెళ్ళగానే కంప్లయింట్ అయిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అవలేదు. 112కి చేసింది ఉత్త ఫోన్ కాల్, ఎఫ్‌ఐఆర్ కాదు. స్టేషన్‌కి మనిషి వెళ్ళి రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే.

అక్కడ “24 గంటలు చూసి రండి” అని ఎవరైనా అంటే, అలాంటి రూలు లేదని తెలిసి ఉండాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు కనబడకపోతే ఎత్తుకెళ్ళారనో, అక్రమ రవాణా అనో ముందుగా భావించి ఎఫ్‌ఐఆర్ కట్టాలని బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 137 సెక్షన్ కింద, అంటే కిడ్నాప్ కింద నమోదవుతుంది. “మా లిమిట్స్ కాదు” అన్నదీ చెల్లదు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173 సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఫిర్యాదు చేసినవారికి కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే సెక్షన్ కింద ఎస్పీకి, కమిషనరేట్ పరిధిలో డీసీపీకి, పోస్టులో పంపొచ్చు. గొడవకు దిగడం కంటే సెక్షన్ నంబర్ మెల్లగా చెప్పడమే ఎక్కువ పనిచేస్తుంది. కాగితం చేతికొచ్చాక సెక్షన్ పడిందా, నంబర్ పడిందా చూసుకోండి. స్టేషన్‌లో రోజువారీ రాసుకునే జనరల్ డైరీలో ఉత్త ఎంట్రీ అయితే అది ఎఫ్‌ఐఆర్ కాదు.

స్టేషన్‌కి వెళ్ళేవాళ్ళ సంచిలో ఇవి ఉండాలి: ముఖం స్పష్టంగా ఉన్న ఫోటో ఒకటి, నిలువెత్తు ఫోటో ఒకటి (రెండూ ఫిల్టర్ లేనివి), వయసు రుజువుకి ఆధార్ గానీ బోనఫైడ్ గానీ, ఫోన్ డబ్బా (దాని మీద ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌ని గుర్తించే నంబర్, ఉంటుంది), రెండు సిమ్‌ల నంబర్లు, జీమెయిల్, ఇన్‌స్టాగ్రామ్ ఐడీలు, రోజూ వాడే మందులుంటే వాటి పేర్లు. ఫిట్స్, షుగర్, ఆస్తమా ఉంటే అది మొదటి వరుసలో రాయాలి. స్నేహితుల పేర్లు తల్లిదండ్రులకు తెలిసినవి ఒకటి రెండే ఉంటాయి. అసలు పేర్లు క్లాసులో పక్క బెంచీ పిల్లలు చెప్తారు, అదీ అమ్మానాన్న ఎదురుగా లేనప్పుడు. అలా అడగడానికి కాలనీలో పిల్లలకు చనువున్న అక్కనో అన్నయ్యనో పంపండి, గొంతు పెద్ద చేసేవాళ్ళను వద్దు.

1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌ని చాలామంది తప్పిపోయారని చెప్పడానికే వాడతారు. దాని అసలు బలం రెండో వైపుంది. ఎక్కడో స్టేషన్‌లోనో బస్టాండ్‌లోనో ఒంటరిగా దొరికిన పిల్లల్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి, అక్కణ్ణుంచి తరచూ బాలల గృహానికి పంపుతారు. కాబట్టి 1098కి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వేయాల్సిన ప్రశ్న “ఈ వయసు పిల్ల ఈ రెండు రోజుల్లో ఎవరైనా మీ దగ్గరికి వచ్చిందా” అని. పక్క జిల్లాల్లోనూ, రైలు ఎక్కే అవకాశం ఉంటే పక్క రాష్ట్రంలోనూ ఇదే అడగాలి. ఒకసారి అడిగి వదిలేయకుండా రోజూ ఒకే మనిషి, ఒకే ఎఫ్‌ఐఆర్ నంబర్ చెప్పి అడగాలి. ఐదుగురు ఐదు రకాలుగా వివరాలు చెప్తే అవతల ఐదు కేసులుగా పడే ప్రమాదం ఉంది. దీని హద్దు వయసు: పద్దెనిమిది నిండితే ఇది పనికిరాదు.

139 రైల్వేది. ఏ రైలో ఊహ కూడా లేనప్పుడు దీనికి కాల్ చేసి ప్రయోజనం తక్కువ. “సాయంత్రం ఏడింటికి కాజీపేటలో ఎక్కినట్టు సీసీ కెమెరాలో ఉంది” అని చెప్పగలిగితే మాత్రం ఇంత చురుగ్గా కదిలేది ఇంకొకటి లేదు, ఎందుకంటే రైలు ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు, ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు తర్వాతి స్టేషన్‌లోనే ఎక్కగలరు. రైలు నంబర్, జనరల్ బోగీనా రిజర్వేషనా, బట్టల రంగు చెప్పండి. ఆర్‌పీఎఫ్ ‘నన్హే ఫరిష్తే’ పేరుతో పిల్లల్ని కాపాడే పనే ప్రత్యేకంగా చేస్తుంది. కేసు కట్టేది మాత్రం జీఆర్‌పీ, అంటే రాష్ట్ర ప్రభుత్వ రైల్వే పోలీసులు; రెండూ ఒకటే అనుకుని ఒకరి దగ్గరే ఆగిపోకండి.

బస్సుల దగ్గర ఒక పాత లెక్క ఇప్పుడు తప్పింది. “చేతిలో రూపాయి లేదు, దూరం పోయుండదు” అనేవారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. అంటే ఆదిలాబాద్ పిల్ల పైసా లేకుండా బస్సులు మారుతూ హైదరాబాద్‌లోని ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా రాగలదు. అమ్మాయి విషయంలో వెతికే పరిధి మొదటి రోజే రాష్ట్రమంతా అనుకోండి. డిపో మేనేజర్‌కి ఫోటో ఇస్తే కండక్టర్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది, అది వంద పోస్టర్ల పెట్టు.

ఇక ఖోయా-పాయా. 2015 జూన్‌లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ తెచ్చిన పోర్టల్, ఇప్పుడు పిల్లల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పోర్టల్‌లో కలిసింది. తప్పిపోయిన పిల్లల వివరాలే కాదు, ఎక్కడైనా కనబడిన పిల్లల వివరాలూ మామూలు మనిషే పెట్టొచ్చు. పోలీసులు, బాలల గృహాలు వాడే ట్రాక్‌చైల్డ్ కూడా అందులోనే కలిసింది. ఆలోచన మంచిది. కానీ అవతల వైపు ఎవరో ఒకరు ఫోటో ఎక్కిస్తేనే ఇవతలి ఫోటోకి జత దొరుకుతుంది. ఎంత ఆలస్యం కావచ్చో చెప్పడానికి తెలిసిన ఉదాహరణే ఉంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాబు అస్సాంలోని గోల్‌పారా బాలల గృహంలో ఉన్నాడని బయటపడింది 2020లో. పట్టిచ్చింది మన తెలంగాణ పోలీసుల ‘దర్పణ్’, ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్. కాబట్టి ఖోయా-పాయాలో పెట్టండి, పదిహేను నిమిషాల పని. ఆ రాత్రికే ఫలితం ఆశించకండి. దర్పణ్‌ని మనం నేరుగా వాడలేం, ఫోటో పోల్చమని కేసు చూస్తున్న ఎస్సైని అడగాలి. తప్పిపోయిన పిల్లల్ని వెతికేందుకు పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ నడుపుతారు. పాత కేసైతే ఆ నెలకి ముందే ఫోటో, వివరాలు మళ్ళీ ఇవ్వడం మంచిది. నాలుగు నెలల్లో దొరక్కపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పంపాలని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

వాలంటీర్లు నిజంగా గెలిపించగల చోటు సీసీ కెమెరాలు. కిరాణా కొట్టు, మెడికల్ షాపు, బంకు, అపార్ట్‌మెంట్ గేటు, వీటన్నిటికీ పోలీసులు ఒక్కరోజులో తిరగలేరు. జనం ఎక్కువ వచ్చే చోట్ల 30 రోజుల రికార్డింగ్ ఉంచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజాభద్రత చట్టం చెప్తుంది. చిన్న కొట్టులో అంత ఉండదు. హార్డ్ డిస్క్ చిన్నది, కెమెరాలు ఎక్కువైతే వారం తిరక్కుండానే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది. అందుకే మొదటిరోజే ఇద్దరిద్దరుగా వెళ్ళి మూడు సంగతులు రాసుకు రావాలి: కెమెరా ఎటు చూస్తోంది, రికార్డింగ్ ఎన్ని రోజులుంటుంది, డీవీఆర్ (రికార్డింగ్ దాచే పెట్టె) గడియారం ఎంత తప్పు చూపిస్తోంది. ఈ మూడోది అందరూ వదిలేస్తారు. డీవీఆర్ తెరను, పక్కనే మీ ఫోన్ గడియారాన్ని కలిపి ఒక ఫోటో తీయండి. అది పదకొండు నిమిషాలు ముందుంటే, తర్వాతి కెమెరాలో పిల్ల “కనబడకపోవడం” అక్కడే తేలిపోతుంది. ఓనర్‌ని రికార్డింగ్ చెరిగిపోకుండా ఉంచమని అడగండి, తీసుకోవడం పోలీసులకు వదిలేయండి, రేపు కోర్టులో దానికి సర్టిఫికెట్ కావాలి. చెరిగిపోయేలా ఉంటే ఓనర్ చేతే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. తెరను సెల్‌తో వీడియో తీసి గ్రూపులో పడేస్తే ముఖం మసకగా వస్తుంది, ఎవరో అమాయకుణ్ణి “వీడే” అని పట్టుకుంటారు.

ఫోన్ విషయంలో ఇంట్లోవాళ్ళు కంగారులో చేసే పనులే దారి మూసేస్తాయి. యాభైమంది వరసగా రింగ్ చేస్తే ఉన్న ఛార్జింగ్ అయిపోతుంది. ఒక్కరే, ఒక్క మెసేజ్: “ఏం కాలేదు, తిట్టం, ఎక్కడున్నా చెప్పు.” ప్యాక్ అయిపోతుంటే ఆ నంబర్‌కి రీఛార్జ్ చేయించండి, ఇన్‌కమింగ్ పోకూడదు. ఫోన్ పోయినట్టు ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో పెట్టి బ్లాక్ చేయించొద్దు. గూగుల్ పాస్‌వర్డ్ మార్చొద్దు, మారిస్తే ఆ ఫోన్ అకౌంట్‌లోంచి బయటికొచ్చేసి చివరి లొకేషన్ కూడా పోవచ్చు. టవర్ లొకేషన్, కాల్ డేటా పోలీసులకే వస్తాయి. డబ్బులిస్తే తీసిపెడతానని ఇన్‌స్టాలో తగిలే “హ్యాకర్లు” దొంగలు.

పోస్టర్ ఏ4లో, ఒక్క ఫోటో, తేదీతోపాటు సంవత్సరం, ఎఫ్‌ఐఆర్ నంబర్, స్టేషన్ పేరు, స్టేషన్ నంబర్, 112. తండ్రి సెల్ నంబర్ వేయొద్దు. వేసిన పూటే “మీ అబ్బాయి మా దగ్గరున్నాడు, పెట్రోలుకి ఐదువేలు ఫోన్‌పే చేయండి” అని మొదలవుతుంది. మార్కులు తగ్గాయనీ, ప్రేమ వ్యవహారమనీ, ఎవరిమీదో అనుమానమనీ రాయకూడదు. ఎఫ్‌ఐఆర్ కాపీని గ్రూపుల్లో పెట్టడం అంతకంటే తప్పు, అందులో ఇంటి అడ్రస్ నుంచి అన్నీ ఉంటాయి. పిల్లల గుర్తింపు బయటపెట్టడంపై జువెనైల్ జస్టిస్ చట్టం 74 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకే పోస్టర్ మాటలు ఎస్సైకి చూపించి, సరేనన్నాకే ప్రింటుకివ్వండి.

కాలినడకన వెతకడం గురించి క్లుప్తంగా. చివరిగా కనబడిన చోట జనం తొక్కకముందే డాగ్ స్క్వాడ్ రావాలి. ఉతకని బట్ట ఒకటి, చేత్తో ఎక్కువ ముట్టుకోకుండా శుభ్రమైన కాగితం కవర్లో పెట్టి ఉంచండి. ముగ్గురేసి టీములు, ఎవరు ఎటు వెళ్ళారో ఒక నోట్‌బుక్, గంటకోసారి ఒకే నంబర్‌కి ఫోన్. చెరువు, క్వారీ గుంట, పాడుబావి దగ్గర నీళ్ళలోకి ఎవరూ దిగకూడదు, అది ఫైర్ సర్వీసు పని, 101. చెప్పో, బ్యాగో కనబడితే ముట్టుకోకుండా ఫోటో తీసి, ఒకరు అక్కడే నిలబడి, స్టేషన్‌కి చెప్పాలి.

మొత్తం మీద వరస ఇది: 112 వెంటనే, ఎఫ్‌ఐఆర్ అదే రాత్రి, కెమెరాల జాబితా మర్నాడు సాయంత్రంలోగా, 1098 రోజూ, 139 ఆధారం దొరికిన నిమిషంలో, ఖోయా-పాయా తీరిక చూసుకుని. పోస్టర్లు గోడకు జిగురుతో అంటించకండి, టేపు వాడి, అంటించిన ప్రతి చోటూ రాసి పెట్టుకోండి. పిల్ల దొరికాక స్టేషన్‌లోనో కమిటీ ముందో మాట్లాడేవాళ్ళు వేరే ఉంటారు. మన పని అదే పూట ఆ జాబితా పట్టుకుని తిరిగి పోస్టర్లన్నీ పీకేయడం, గ్రూపుల్లో పెట్టిన ఫోటో డిలీట్ చేయడం, ఫార్వర్డ్ చేసినవాళ్ళ చేత చేయించడం.