కోరల్ ఫైలన్నాడు, తెరిస్తే ఫోటో: షాపుకి బొమ్మ గీయించుకునేవాళ్ళు జాగ్రత్త

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఎవరైనా కొత్తగా షాపు పెడుతూ, బోర్డుకో కవర్లకో కార్టూన్ బొమ్మ గీయించుకుందామని చూస్తుంటే ముందు ఇది చదవండి, తర్వాత డబ్బు పంపండి. నాకు బొమ్మ గీసిస్తానని డబ్బు తీసుకున్న ఆయన పేరు రాయను. రాయాల్సిన పని కూడా లేదు. "లోగో, బ్యానర్, మస్కట్ 24 గంటల్లో" అని పొద్దున లేస్తే స్టేటస్ పెట్టే ఆయనే. ఇక్కడ చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళ ఫోన్లలో చాలావరకు ఆయన నంబర్ ఉంటుంది. నా ఫోన్లోనూ ఉంది. ఆయన ఫోన్లో మాత్రం ఇప్పుడు నా నంబర్ బ్లాక్‌లో ఉంది.

నేను పిల్లల లంగా జాకెట్లు కుట్టి అమ్ముతాను. ఇన్నాళ్ళూ ఇంట్లోనే చేశాను, ఈసారి పెత్రమాసకి షాపు తెరుద్దామని నయీంనగర్‌లో ఒక మడిగె తీసుకున్నాను. మాకు సీజన్ అంటే ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా, దానికి ముందు ఓ నెల. అది దాటితే సంక్రాంతి దాకా ఈగలు తోలుకోవడమే. షాపుకి గుర్తుగా ఒక చిన్నపిల్ల బొమ్మ కావాలనుకున్నాను. రెండు జడలు, లంగా జాకెట్, చేతుల్లో బతుకమ్మ. అదే బొమ్మ బోర్డు మీద నాలుగడుగులు ఉండాలి, ట్యాగ్ మీద అంగుళం ఉండాలి, కవర్ మీద ఒకటే రంగులో రావాలి, జాకెట్ లోపల లేబుల్ మీద ఎంబ్రాయిడరీ పడాలి. అందుకే మొదటి మెసేజ్‌లోనే అన్నీ విడమరిచి రాశాను. వెక్టర్‌లో, అంటే ఎంత పెద్దది చేసినా పగలని గీతలతో గీయాలి, ఓపెన్ ఫైలు ఇవ్వాలి, లంగా రంగు మేం మార్చుకునేటట్టు ఉండాలి అని. ఆయన జవాబు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది: "100% వెక్టర్ మేడమ్. కోరల్ ఓపెన్ ఫైల్ ఇస్తా. ఎంత పెద్దగ చేసినా పగలదు." కోరల్ అంటే కోరల్ డ్రా, కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్.

రేటు 3,500 అన్నాడు. ఆయన చెప్పిన రేటే, నేను ఒక్క రూపాయి బేరం ఆడలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది. సగం ముందు పంపాను. బొమ్మ తయారైందని ఫోన్‌కి ఒక ఫోటో పెట్టాడు. పిల్ల ముద్దుగా ఉంది, కాదనను. కానీ ఎడమ జడ చెవి వెనక్కి పోయి మళ్ళీ కనపడలేదు. చేతుల్లో ఉన్నది బతుకమ్మో బర్త్‌డే కేకో ఎంత చూసినా తేలలేదు. తంగేడు లేదు, గునుగు లేదు, ఏవో గులాబీ రంగు గుండ్రాలు వరసగా ఉన్నాయి. అడిగితే "కార్టూన్ అంటే అట్లనే ఉంటది మేడమ్, ఓపెన్ ఫైలే కదా, పువ్వులు ఎట్లంటే అట్ల మార్చుకోవచ్చు" అన్నాడు. మిగతా సగం పంపాను. థాంక్యూ అని దండం పెట్టే బొమ్మ కూడా పంపాను. ఆ మర్యాద ఎందుకో నాకే తెలియదు.

ఫైలు మెయిల్‌కి వచ్చింది. పేరు చివర కోరల్ ఫైళ్ళకి ఉండే సీడీఆర్ అనే ఉంది. మన ఇళ్ళల్లో కోరల్ డ్రా ఎక్కడుంటుంది, తెరిచి చూసుకోవడానికి? అలాగే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని చౌరస్తా దగ్గర నేనెప్పుడూ బ్యానర్లు కొట్టించే ఫ్లెక్స్ షాపుకి తీసుకెళ్ళాను. అసలు కథ అక్కడ మొదలైంది.

ఆపరేటర్ తమ్ముడు ఫైలు తెరిచాడు. బొమ్మ తెర నిండా వచ్చింది. లంగాకి మెరూన్ రంగు వేసి చూపించు తమ్మీ అన్నాను. లంగా మీద క్లిక్ చేశాడు, పిల్ల మొత్తం సెలెక్ట్ అయింది. గ్రూప్ చేసి ఉంటుందని అన్‌గ్రూప్ కొట్టబోయాడు, ఆ బటన్ పనిచేయలేదు. అప్పుడు ఎఫ్ 10 నొక్కాడు. కోరల్‌లో అది నొక్కితే గీతల మీద నోడ్లు కనపడతాయట. నోడ్లంటే గీతకి అక్కడక్కడా ఉండే చిన్న చుక్కలు. వాటిని పట్టుకుని లాగితేనే బుగ్గ ఉబ్బుతుంది, జడ వంపు తిరుగుతుంది. మామూలుగా ఇలాంటి బొమ్మలో కన్నుకి కొన్ని, పెదవికి కొన్ని, లంగా అంచుకి కొన్ని ఉండాలి.

నా బొమ్మకి మొత్తం నాలుగు నోడ్లు ఉన్నాయి. నాలుగు మూలలకి నాలుగు.

నాకేమీ అర్థం కాలేదు. తమ్ముడు నా మొహం చూడకుండా కింద ఉన్న పట్టీ చూపించాడు. అక్కడ బిట్‌మ్యాప్ అని ఉంది. "ఇది గీసిన బొమ్మ కాదక్కా, ఫోటో. ఫోటోను కోరల్‌ల పెట్టి సేవ్ కొట్టిండు" అన్నాడు. మేం మాట్లాడుతుంటే వెనకాల వినాయక మండపం బ్యానర్ల బాకీ కట్టడానికొచ్చిన పిల్లలు కూడా వంగి చూస్తున్నారు. ఫోటో సైజు తీసి చూస్తే అడ్డం 1,024 పిక్సెళ్ళు, అంటే ఫోటోలో ఉండే రంగు చుక్కలు, నిలువు 1,024. నాలుగడుగులంటే 48 అంగుళాలు కదా, అంగుళానికి 21 చుక్కలు పడతాయి. ఫ్లెక్స్‌కి 72 అయినా ఉండాలంటారు. కావాలంటే చూడమని తమ్ముడు మొహాన్ని బోర్డు సైజుకి పెద్దది చేశాడు. కళ్ళు మెట్లు మెట్లుగా విడిపోయాయి. అదే బొమ్మ ఫోన్లోనో విజిటింగ్ కార్డు మీదో చూస్తే చక్కగా ఉంటుంది. ఈ దందా నడిచేదే అందుకు. ఎవరైనా చూసేది ఫోన్లోనే కదా.

అక్కడి నుంచే ఆయనకి ఫోన్ చేశాను, స్పీకర్‌లో పెట్టి. నా గొంతు బాగానే ఉంది, అరవలేదు. ఫైల్లో ఫోటో ఉందండీ, గీసిన బొమ్మ లేదు అన్నాను.

"సీడీఆర్ ఫైల్ అడిగిన్రు, సీడీఆర్ ఫైలే ఇచ్చిన కదా మేడమ్."

ఆయన మెసేజ్ ఆయనకే చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు మారింది. "అసలు వెక్టర్ అంటే ఏందో మీకు తెల్సా మేడమ్? ఎక్కడనో విని వస్తరు, వచ్చి మాకు నేర్పిస్తరు." ఫ్లెక్స్ మెషీన్ చప్పుడులో కూడా షాపులో అందరికీ వినిపించింది. నాకు చెవులు వేడెక్కాయి. సరే, నాకు తెలియదు, మీకు తెలుసు కాబట్టే మీకు డబ్బిచ్చాను, గీసి ఇవ్వండి అన్నాను. అప్పుడు వచ్చింది అసలు మాట:

"చిన్నపిల్ల బొమ్మకు గింత లొల్లా? మూడున్నర వేలకు ఎవడన్న కూసొని గీస్తడా?"

ఆ మాటే ఇంకా చెవుల్లో మోగుతోంది. డబ్బు పోయినందుకు అంత మంట లేదు. మూడున్నర వేలు అన్నది ఎవరు? గీసిస్తానన్నది ఎవరు? ఆ రేటుకి కూర్చుని గీయడం కుదరదని మొదటి రోజే చెప్పి ఉంటే, ఆరు వేలు అడిగినా ఆలోచించేదాన్ని, లేదంటే ఇంకొకరిని చూసుకునేదాన్ని. గీసేవాళ్ళ కష్టం నాకు తెలియనిది కాదు. ఒక జాకెట్‌కి చేతితో మగ్గం వేయిస్తే ఎంతవుతుందో రోజూ చూస్తున్నాను. మగ్గం అని చెప్పి మెషీన్ ఎంబ్రాయిడరీ అంటగట్టి, "ఆ ధరకు మగ్గం వస్తదా" అని నేను నా కస్టమర్‌ని అడిగితే నన్ను షాపులో ఉంచుతారా?

రాత్రి ఏమనుకున్నాడో ఏమో, "కరెక్షన్ చేసిన" అని ఇంకో ఫైలు పంపాడు. పొద్దున్నే మళ్ళీ అదే తమ్ముడి దగ్గరికి పోయాను. ఈసారి నోడ్లు ఉన్నాయి. ఎన్ని ఉన్నాయంటే లంగా అంచు మీద గీత కనపడటం లేదు, అన్నీ చుక్కలే. అదే ఫోటోకి ట్రేస్ కొట్టి పంపాడట. సాఫ్ట్‌వేర్ తనంతట తాను రంగుల హద్దులు వెతికి గీతలుగా మారుస్తుంది, ఒక బటన్ పని. ట్రేస్ తప్పని నేననను, సంతకానికో ఒక రంగు లోగోకో బాగానే పనికొస్తుందట. కానీ నీడలు, మెరుపులు ఉన్న బొమ్మకి కొడితే లంగా అనేది ఒక ముక్కగా ఉండదు, వందల పేలికలవుతుంది. మెరూన్ వేద్దామని క్లిక్ చేస్తే గోరంత ముక్క మారింది. స్టిక్కర్ కటింగ్ మెషీన్‌కి ఇస్తే బ్లేడు ఆ గీతలన్నిటి వెంటా తిరిగి షీటును చింపేస్తుందని తమ్ముడు చేతులెత్తేశాడు. ఎంబ్రాయిడరీ ఆయనకి పంపితే నవ్వే ఎమోజీ పెట్టాడు. ఇది చెప్పడానికి ఫైలు పంపిన ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, సాయంత్రానికి బ్లాక్.

వెక్టర్ అంటే ఏందో తెల్సా అన్నారు కదా సార్, ఇప్పుడు తెలిసింది. నేర్పింది ఆ ఫ్లెక్స్ షాపు తమ్ముడే, రెండు బ్యానర్ల మధ్య దొరికిన సందులో. ముందు ఒక కోడిగుడ్డు ఆకారం గీశాడు. కంట్రోల్ క్యూ కొట్టి దాన్ని గీతగా మార్చాడు. పక్క నోడ్లు రెండూ కొంచెం కిందికి లాగాడు, బుగ్గలొచ్చాయి. చెవులు రెండు చిన్న గుండ్రాలు, మొహం వెనక్కి పంపాడు. మొహం ఆకారాన్నే కాపీ చేసి, పెద్దది చేసి, ముందు భాగం ట్రిమ్ చేస్తే జుట్టయింది, నడుమ పాపిడి. జడకి ఆకులాంటి ముక్క ఒకటే గీశాడు. దాన్నే కిందికి చిన్నవి చేసుకుంటూ కాపీ చేసి, మొత్తం జడని అద్దంలోలా తిప్పి అవతలి వైపు పెట్టాడు. రెండో జడ గీయాల్సిన పనే లేదు. నా డబ్బు తీసుకున్న ఆయన అయితే పిల్లకి ఒక జడే మాయం చేసి పంపాడు!

బతుకమ్మకి కూడా అంతేనట. తంగేడు పువ్వు ఒకటి, గునుగు ఒకటి, బంతి ఒకటి బాగా గీస్తే చాలు, వాటినే వరసలు వరసలుగా చుట్టూ పేర్చుకుంటూ పోవచ్చు, నిజం బతుకమ్మని పేర్చినట్టే. ఈ నోడ్లకి రెండు వైపులా ఉండే పుల్లల్లాంటివాటిని లాగితే వచ్చే వంపుల్ని బెజియే గీతలంటారని రాత్రి చదివాను. ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియేర్ బెజియే 1960లలో కారు బాడీల వంపులు గీయడానికి వాడి ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది. ఫైల్లో ఫోటోలోలా పిక్సెళ్ళు ఉండవు, ఆ లెక్క ఉంటుంది. బొమ్మని నలభై అడుగులు చేసినా కంప్యూటర్ మళ్ళీ కొత్తగా లెక్కగట్టి గీస్తుంది, అందుకే పగలదు. ఎఫ్ 10 నొక్కే పిల్లాడికి ఉన్న ఓపిక, "100% వెక్టర్" సార్‌కి లేకపోయింది.

తమ్ముడు మొహం, జడలు వరకే గీశాడు. మిగతాది గీయమంటే "దసరా దాకా ఊపిరాడదక్కా, బ్యానర్లు నెత్తి మీదున్నయి" అన్నాడు. నిజమే, షాపు నిండా ఫ్లెక్స్ చుట్టలు. ఆ గీసినదానికి డబ్బు తీసుకోమన్నా తీసుకోలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మెసేజ్‌లు, యూపీఐ రసీదులు ఉన్నాయి కాబట్టి ఏమవుతుందో చూద్దాం.

మీరు గీయించుకునేటప్పుడు మిగతా డబ్బు పంపేముందు వీడియో కాల్‌లో ఫైలు తెరిపించండి. లంగా మీద క్లిక్ చేసి రంగు మార్చి చూపించమనండి, మొహం మీద నోడ్లు చూపించమనండి. గీసినవాడికి అది నిమిషం పని. వెక్టర్ బొమ్మలకి వాడే ఎస్‌వీజీ ఫైలు కూడా అడగండి, ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో కంప్యూటర్‌లో వేసుకుని మీరే తెరవొచ్చు. వ్యూ మెనూలో అవుట్‌లైన్ పెడితే రంగులు పోయి ఒట్టి గీతలు కనపడాలి, గీతల బదులు డబ్బా కనపడితే అది ఫోటోయే. ఇంకోటి, బొమ్మ చుట్టూ ఉండే నల్ల గీత బొమ్మతో పాటు పెరిగేటట్టు సెట్ చేశారా అని అడగండి. లేకపోతే ట్యాగ్ మీద చిన్నది చేసినప్పుడు ఆ నల్ల గీతలో కళ్ళూ ముక్కూ మునిగిపోతాయి.

బోర్డు మీద ఇప్పటికి పేరు మాత్రమే వేయించాను, బొమ్మ కోసం ఎడమ పక్క జాగా వదిలాను. పెత్రమాసలోపు నిజంగా కూర్చుని గీసేవాళ్ళు హనుమకొండలో గానీ కరీంనగర్‌లో గానీ మీకు తెలిస్తే కింద రాయండి, అమ్మాయిలైతే ఇంకా మంచిది. రేటు ఎంతైనా ముందే చెప్పమనండి. జడలు రెండూ ఉండాలి, బతుకమ్మలో తంగేడు కనపడాలి.